లెక్క తప్పా, ఇనుము తప్పా?

ఫిబ్రవరి నెల, రాత్రి ఎనిమిదిన్నర. హైదరాబాద్ శివార్లలో ఒక మేడ. దాని మీద ఎనిమిది అంగుళాల టెలిస్కోపు. పక్కకూ పైకీ తిరిగే ఒంటి చేతి కంప్యూటర్ మౌంటు మీద, అంటే గొట్టాన్ని పట్టుకుని తిప్పే స్టాండు మీద, కూర్చుంది. సిరియస్‌కు, అంటే మన లుబ్ధకుడికి, నాలుగు డిగ్రీల దక్షిణాన ఎం41 అనే నక్షత్రాల గుంపు ఉంటుంది. దాన్ని చూపించమంటే ఈ మౌంటు ఒకటిన్నర డిగ్రీ అవతలి ఖాళీ ఆకాశం దగ్గర ఆగి, చేరుకున్నానని తెర మీద ప్రకటిస్తోంది.

మేనకోడలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మేనమామ ముప్పై ఏళ్ళు లేత్ మీద పనిచేసి రిటైరైన మనిషి. వాళ్ళ మధ్య టీ ఫ్లాస్కు పట్టుకుని నేను. నాది ఎవరి పక్షమో చెప్పను కానీ, దాచుకోవడం నాకు చేతకాదు.

మేనమామ: ముందు ఈ ట్రైపాడ్ కాళ్ళ సంగతి చూడమ్మా. రసమట్టం పెట్టి చూశాను, బుడగ గీత దాటి ఓ పక్కకు పోయింది. వంకర పీట మీద కూర్చోబెట్టి పెళ్ళికొడుకు గూనివాడంటే ఎలా?

మేనకోడలు: రెండు నక్షత్రాలతో అలైన్‌మెంట్ చేశాక మట్టంతో పని లేదు మామయ్యా. ఆకాశం ఒక గోళం, ఈ మౌంటు తిరిగేది ఇంకో గోళం. రెండు చుక్కలు ఎక్కడున్నాయో చూపిస్తే, ఒక గోళాన్ని ఎటు ఎంత తిప్పితే రెండోదానితో కలుస్తుందో లెక్క తేలిపోతుంది. కాళ్ళు రెండు డిగ్రీలు వంగినా ఆ వంపు అందులోనే కలిసిపోతుంది. మట్టంగా ఉంటే మొదటి చుక్కకు కాస్త దగ్గరగా వెళ్ళి ఆగుతుంది, అంతే. నా అనుమానమంతా నేను కొట్టిన అంకెల మీదే.

మేనమామ: ఏ అంకెలు?

మేనకోడలు: మౌంటుకు ఆదేశాలిచ్చే ఈ కంట్రోలరు తేదీలో నెలను ముందు అడుగుతుంది. ఫిబ్రవరి 8ని మన అలవాటు ప్రకారం 08/02 అని కొడితే ఆగస్టు 2 అనుకుని, లుబ్ధకుడు నేల కింద ఉన్నాడంటుంది. అది పెద్ద తప్పు కాబట్టి వెంటనే దొరికిపోతుంది. చిన్నవే దొరకవు. మన సమయం గ్రీనిచ్ కంటే ఐదున్నర గంటలు ముందు. ఆ అరగంట మరిచిపోయి ఐదు అని పెడితే ఏడున్నర డిగ్రీల తేడా. నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున ఆకాశం జరుగుతుంది కదా. ఇంకోటి చూడండి. ఫోను ఈ ఊరి అక్షాంశం 17.38 డిగ్రీలని చూపిస్తుంది. కంట్రోలరు డిగ్రీలూ నిమిషాలూ అడుగుతుంది. 17 డిగ్రీల 38 నిమిషాలని కొట్టేస్తాం. నిజానికి అది 17 డిగ్రీల 23 నిమిషాలు. అక్కడే అర చందమామంత తప్పు.

మేనమామ: నువ్వు ఇప్పుడేగా అన్నావు, రెండు చుక్కలు చూపిస్తే కాలి వంపు లెక్కలో కలిసిపోతుందని?

మేనకోడలు: అన్నాను.

మేనమామ: గడియారం తప్పితే ఏమవుతుంది? ఆకాశం ధ్రువం చుట్టూ కాస్త ఎక్కువో తక్కువో తిరిగినట్టు అవుతుంది. అదీ తిరగడమే. అక్షాంశం తప్పితే అదీ ఒక వంపే. నా కాలి వంపును మింగిన లెక్క నీ గడియారాన్ని మాత్రం ఎందుకు మింగదు?

(ఆమె కొంచెంసేపు మాట్లాడలేదు. నేను టీ పోశాను. లేత్ మనిషి ఇంత చక్కగా లెక్కల మనిషి మాటను ఆమెకే తిప్పికొడతాడని నేనూ అనుకోలేదు.)

మేనకోడలు: నక్షత్రాల వరకు మీరన్నది ఒప్పుకుంటాను. చంద్రుడి దగ్గర కుదరదు. ఆయన నక్షత్రాల మధ్య గంటకు అర డిగ్రీ నడుస్తాడు, గంట తప్పితే అర డిగ్రీ తప్పినట్టే.

మేనమామ: మనం వెతుకుతున్నది చంద్రుణ్ణి కాదు. సరే, చుక్కలన్నావు కాబట్టి అడుగుతున్నాను. నిన్న పునర్వసులో ఏ చుక్క పెట్టావు?

మేనకోడలు: కంట్రోలరులో పొలక్స్ ఎంచుకుని, కన్ను పెట్టి చూసే ఐపీసులో కాస్టర్‌ను పెట్టాను. రెండింటి మధ్య నాలుగున్నర డిగ్రీలు. అది నిన్న. ఈ రోజు గుర్తు పెట్టుకున్నాను. కాస్టర్ కాపెల్లా వైపు, పొలక్స్ ప్రొసియాన్ వైపు. కకు క, పకు ప.

మేనమామ: కాపెల్లా అంటే?

మేనకోడలు: మీ బ్రహ్మహృదయం.

మేనమామ: అలా చెప్పు. అయితే అంకెలు సరే, చుక్కలు సరే, అడాప్టరు పెట్టాం కాబట్టి కరెంటు కూడా సరే. ఇక మిగిలింది ఇనుమే కదా. ఈ కంప్యూటరుకు కళ్ళు లేవమ్మా. మోటారు ఇరుసు ఎన్ని చుట్లు తిరిగిందో వేలు మడిచి లెక్కపెట్టుకుంటుంది, అంతే. ఆ మోటారుకూ గొట్టానికీ మధ్య ఎన్ని గేర్లు, ఎన్ని బోల్టులు! వాటిలో ఏది జారినా దీనికి తెలియదు.

మేనకోడలు: ఇనుములో తప్పున్నా లెక్క సరిదిద్దగలదు. ఆస్ట్రేలియాలో సైడింగ్ స్ప్రింగ్ కొండ మీద 3.9 మీటర్ల ఆంగ్లో-ఆస్ట్రేలియన్ టెలిస్కోపు ఉంది. 1974లో ప్రారంభించారు. కంప్యూటరుతో నడిచిన తొలి పెద్ద టెలిస్కోపుల్లో అదొకటి. అక్కడ పనిచేసిన పాట్రిక్ వాలెస్ తయారు చేసిన టీపాయింట్ ప్రోగ్రామును ఇప్పటికీ చాలా చోట్ల వాడుతున్నారు. అక్షాలు నిక్కచ్చిగా లంబంగా లేకపోవడం, గొట్టం బరువుకు వంగడం, ధ్రువం వైపు సరిగ్గా చూడకపోవడం, వీటిలో ప్రతిదానికీ అందులోని లెక్కలో ఒక పదం ఉంటుంది. ఆకాశమంతటా చుక్కలు చూపించి, ఎక్కడ ఎంత తప్పుతోందో దానికి నేర్పిస్తారు.

మేనమామ: ఆ గొట్టం ఈ రోజు ఎంత వంగిందో రేపూ అంతే వంగుతుంది కాబట్టి నేర్పగలిగారు. రోజుకో రకంగా వంగే గొట్టానికి ఏ పదం పెడతారు? నా లేత్‌లో పనిముట్టును ముందుకూ వెనక్కీ జరిపే క్రాస్ స్లైడ్ స్క్రూకు వదులు ఉండేది. పది గీతలు ముందుకు పోవాల్సింది పన్నెండు పోయాననుకో, రెండు వెనక్కి తిప్పితే డయలు పది చూపిస్తుంది కానీ పనిముట్టు కదలదు. మరలో పళ్ళు అవతలి గోడకు ఆనేదాకా చేయి ఊరికే తిరుగుతుంది. అందుకే ఒక చుట్టు పూర్తిగా వెనక్కి లాగి, మళ్ళీ ఒకే వైపు నుంచి వచ్చేవాళ్ళం. చేరిన వారంలో మేస్త్రీ నేర్పింది ఇదే, నేర్చుకోవడానికి నాకు మూడు ముక్కలు పాడయ్యాయి.

మేనకోడలు: అయితే పరీక్ష పెడదాం. లుబ్ధకుణ్ణి మధ్యలో పెడతాను, బ్రహ్మహృదయం దగ్గరకు పంపి మళ్ళీ వెనక్కి పిలుస్తాను. ప్రతిసారీ ఒకే చోట తప్పితే నేను గెలిచినట్టు. చోటు మారుతూ ఉంటే మీరు.

(మౌంటు గుయ్‌మంటూ ఉత్తరానికి వెళ్ళి తిరిగొచ్చింది. 25 మిల్లీమీటర్ల ఐపీసులో, 81 రెట్లు పెద్దదిగా చూసినప్పుడు, కనిపించే ఆకాశం 0.6 డిగ్రీలే. లుబ్ధకుడు అంచు దగ్గర మెరుస్తున్నాడు. మళ్ళీ పంపితే మళ్ళీ వచ్చింది. అదే అంచు, అదే చోటు.)

మేనకోడలు: చూశారా! చోటు మారలేదు.

మేనమామ: మధ్యలో పెట్టేటప్పుడు చివరగా ఏ బటను నొక్కావు?

మేనకోడలు: ఎడమది.

మేనమామ: మౌంటు తనంతట తాను వచ్చేటప్పుడు చివరి అడుగు ఎటు నుంచి వేసింది? నేను చూస్తూనే ఉన్నాను, కొంచెం దాటిపోయి, ఆగి, నెమ్మదిగా కుడివైపుకు వచ్చింది. అది ఎప్పుడూ ఒకే వైపు నుంచి వస్తుంది. నువ్వు ఎదురుగా వచ్చావు. అది ఒక గోడకు ఆనితే నువ్వు ఇంకో గోడకు ఆనావు. ఆ రెండు గోడల మధ్య ఖాళీయే నీకు కనబడే తప్పు.

మేనకోడలు: ఈ మౌంటుతో వచ్చిన పుస్తకంలో ఇది రాసి ఉంది. మధ్యలో పెట్టేటప్పుడు పై బటను, కుడి బటనుతోనే ముగించమని.

మేనమామ: రాసి ఉందా? మరి చదవలేదా?

మేనకోడలు: చదివాను. ఎందుకో రాయలేదు, అందుకే వదిలేశాను. ఇప్పుడు పైకీ కుడికీ ముగించి మూడోసారి పంపుతున్నాను.

(ఈసారి లుబ్ధకుడు అంచున కూడా లేడు. మేనమామ జేబులోంచి టార్చి తీసి మౌంటు అడుగుకు పట్టాడు. సాయంత్రమే మౌంటు పీఠం మీదికీ దాని కింది ట్రైపాడ్ తల మీదికీ కలిసేలా పెన్సిల్‌తో ఒక నిలువు గీత గీశాడట. ఆ గీత ఇప్పుడు రెండు ముక్కలు. పై ముక్క కింది ముక్క కంటే పక్కకు జరిగి ఉంది, రెండు మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ.)

మేనమామ: ఈ పీఠం మధ్య నుంచి అంచుకు పది సెంటీమీటర్లు. ఎంత అవుతుందో నువ్వే చెప్పు.

మేనకోడలు: ఒక డిగ్రీకి 1.75 మిల్లీమీటర్లు. అంటే డిగ్రీ పైచిలుకు.

మేనమామ: పూర్తి వేగంతో బయలుదేరి, ఆగినప్పుడల్లా కుదుపే. కింది బోల్టు వదులుగా ఉంటే మోటారు గొట్టాన్ని తిప్పడానికి బదులు అప్పుడప్పుడు పీఠాన్నే తిప్పుతుంది. అన్నిసార్లూ కాదు. మొదటి రెండుసార్లూ కదలలేదు, నీ పరీక్ష నెగ్గింది.

మేనకోడలు: పరీక్ష నెగ్గలేదు, రెండుసార్లతో ఆపేశాను. పదిసార్లు చేయాల్సింది.

మేనమామ: పదిసార్లు చేస్తే తెల్లారుతుంది. గీత గీయడానికి పెన్సిల్ చాలు.

(అలెన్ కీతో మూడు బోల్టులూ బిగించాడు. చివరి పావు చుట్టుకు పళ్ళు బిగపట్టాడు. ఆమె స్విచ్చి ఆపి, మొదటి నుంచి అలైన్‌మెంట్ చేసింది. ముందు లుబ్ధకుడు, తర్వాత కాపెల్లా. ప్రతిసారీ పై బటను, కుడి బటను. రసమట్టం బుడగ మాత్రం ఇంకా ఆ పక్కనే ఉంది, ఎవరూ దాని జోలికి పోలేదు. ఎం41 అడిగింది. మౌంటు ఆగింది.)

మేనకోడలు: వచ్చింది! ఐపీసు నిండా ఉంది. కాళ్ళు వంకరగానే ఉన్నాయి మామయ్యా, గమనించారా?

మేనమామ: గమనించాను, జరుగు. ఆ నారింజ రంగు చుక్క గుంపు మధ్యలో కదా ఉండాలి? నాకు కొంచెం కుడివైపు కనిపిస్తోంది. ఒక్క నిమిషం, నేను మధ్యకు తెస్తాను.

మేనకోడలు: మామయ్యా, ఎడమ బటను నొక్కుతున్నారు!