పద్మావతి నుంచి వకుళమాతకు: ఒక ప్రమోషన్ కథ

హీరోయిన్‌కి ముప్పై దాటితే వేషాలు రావని, మన సినిమా ఆడవాళ్లకు అన్యాయం చేస్తోందని ఈమధ్య ఎవరు మైకు పట్టుకున్నా ఒకటే గోల. దీన్ని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. అన్యాయం ఎక్కడుందండీ? ఏ గవర్నమెంటు ఆఫీసులోనూ లేనంత పకడ్బందీ ప్రమోషన్ పద్ధతి మన సినిమాలో ఉంది. కావాలంటే ఆధారాలు మా కడప జిల్లా నుంచే చూపిస్తాను.

ప్రొద్దుటూరు ఉంది కదా, నిద్రలో లేపి అడిగినా బంగారం రేటు చెప్పే ఊరు, అక్కడ 1920లో వెల్లాల సుబ్బమ్మ పుట్టింది. తండ్రి నాటకాల మనిషి, తల్లి పాడేది. ఆ పిల్ల మద్రాసు పోయి సంగీతం నేర్చుకుని, 1936లో 'శశిరేఖా పరిణయం'లో శశిరేఖగా వేసింది. ఆమే శాంతకుమారి. తర్వాత డైరెక్టరు పి.పుల్లయ్యను పెళ్లి చేసుకుంది. 1939లో పుల్లయ్య వేంకటేశ్వర మహాత్మ్యం తీస్తే సి.ఎస్.ఆర్. ఆంజనేయులు స్వామివారు, శాంతకుమారి పద్మావతి. 1960లో ఆ పుల్లయ్యే ఆ కథనే మళ్లీ తీశాడు. ఈసారి స్వామి రామారావు, పద్మావతి సావిత్రి. మరి శాంతకుమారి? వకుళమాత! ఇరవై ఒక్క ఏళ్లలో దేవుడి పెళ్లాం దేవుడికి తల్లయి కూర్చుంది. డైరెక్టరు సొంత మొగుడే అయినా రూలు రూలే. ఇంతకన్నా రెకమెండేషన్లకు లొంగని వ్యవస్థ దేశంలో ఇంకెక్కడైనా ఉంటే చూపించండి.

రామారావు పుట్టింది 1923లో. అంటే తల్లికీ కొడుక్కీ మూడేళ్లు తేడా. అయినా ఆ సినిమాలో ఆమె కొడుకు కోసం పాడుతుంటే మా అవ్వ పొయ్యి మీద పాలు మర్చిపోయేది, లెక్కలు అడగాలని ఎవరికీ తోచలేదు. 1971లో 'ప్రేమనగర్'కి వచ్చేసరికి నాగేశ్వరరావుకూ ఆమే తల్లి. ఆయనదీ ఇంచుమించు రామారావు ఈడే. ఇద్దరు అగ్రహీరోలకు తల్లి కావడమంటే మాటలా, ఆ పోస్టుకు తగ్గ అర్హత వాళ్లతోపాటు పెరగడమే!

దేవుడికి వయసు రాదు, నిజమే. ఆ మాట చెప్పే హక్కు మా కడపోళ్లకు ఉంది. ఉగాది రోజు ముస్లిం కుటుంబాలు దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికొచ్చి, బీబీ నాంచారి మా ఇంటి ఆడబిడ్డ, స్వామి మా అల్లుడు అని టెంకాయ కొట్టించుకుని పోతాయి. అల్లుడు ఎన్ని వందల ఏళ్లయినా కొత్త అల్లుడే. నాకు అర్థం కానిదల్లా ఈ సౌకర్యం స్వామివారి నుంచి ఆయన వేషం కట్టినవాళ్లకు ఎప్పుడు బదిలీ అయిందనేదే.

ఈ మెట్లు కిందికే కాదు, పైకి కూడా పనిచేస్తాయి. 1972లో 'బడిపంతులు'లో రామారావుకు మనవరాలిగా వేసిన పాప శ్రీదేవి, 1979లో 'వేటగాడు'లో ఆయన పక్కన హీరోయిన్. ఏడేళ్లలో ఆ పిల్ల పెరిగింది. తాత తరిగాడు.

సినిమా పోనీ, నాటకం గొప్పది కదా అంటారు. అక్కడా మాదే జిల్లా. 1885లో మా సురభి గ్రామంలో 'కీచకవధ' ఆడి మొదలైందే సురభి నాటక సమాజం. మిగతా చోట్ల మగవాళ్లు మీసాలు గొరిగించుకుని ద్రౌపదులవుతుంటే, సురభి కుటుంబాల్లో ఆడవాళ్లే స్టేజీ ఎక్కారు. ఆ ఇంటి బిడ్డే కమలాబాయి. తల్లి దమయంతి వేషంలో ఉండగానే నొప్పులొచ్చి స్టేజీ మీదే పుట్టిందని చెప్పుకుంటారు. చిన్నప్పుడు నాటకాల్లో కృష్ణుడు వేసింది, ప్రహ్లాదుడు వేసింది. 1932లో తెలుగులో మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' తీస్తే, అందులో ఆమె లీలావతి. అంటే ప్రహ్లాదుడే ప్రహ్లాదుడికి తల్లి అయ్యాడు. మన సినిమాకు మాటలొచ్చిన మొదటి సినిమాలోనే ప్రమోషన్ ఆర్డర్లు కూడా వచ్చాయన్నమాట.

ఇప్పటి క్రమం అందరికీ తెలిసిందే. హీరోయిన్, వదిన, అత్త, అమ్మ, ఆ తర్వాత ఫోటో. ఫోటో పోస్టు అన్నిటికన్నా సుఖం. డైలాగు లేదు, మేకప్ ఒక్క పూటే, దండ ప్రొడక్షన్ వాళ్లదే. మా సీమ పేరు చెప్పి తీసిన ఫ్యాక్షన్ సినిమాల్లో ఈ పోస్టుకు గిరాకీ మరీ ఎక్కువ. సుమోలు గాల్లోకి లేవడానికి ముందు హీరో ఎవరో ఒకరి ఫోటో వైపు చూడాలి కదా. మా ఇళ్లలో ఆడవాళ్లు హారతి పళ్లెం పట్టుకుని గుమ్మంలోనే కాపురముంటారని రాష్ట్రమంతా నమ్మిందంటే అది ఆ సినిమాల పుణ్యమే.

ఇక మా పల్లెల్లో పౌరాణిక నాటకాల సంగతి. ఊరోళ్లే చందాలేసుకుని, హార్మోనియం మాస్టరును పిలిపించి, నెలల తరబడి పద్యాలు నేర్చుకుని వేషాలు కడతారు. ఆడవేషాలకు మాత్రం ఆర్టిస్టులను బయటినుంచి మాట్లాడుకోవాలి. పద్యం ఎత్తుకుంటే వన్స్‌మోర్ పడేది వాళ్లకే. మా చిన్నాయన ఊళ్లో శాశ్వత కృష్ణుడు. మోకాళ్లు నొప్పి, పళ్లు కట్టుడువి, కిరీటం పెడితే మెడ నిలవదు, అయినా శివరాత్రికి కృష్ణుడు ఆయనే. ఏళ్లుగా ఆయన పక్కన రుక్మిణి వేసే ఆర్టిస్టుకు పోయినసారి ఫోన్ చేసి, ఎంతో గౌరవంగా, "అమ్మా, నీకూ వయసొస్తోంది, జనం ఏమైనా అనుకుంటారు, ఈ తూరి దేవకి వేస్తావా?" అన్నాడు.

"ఎయ్యమంటే ఎందుకు ఎయ్యనన్నా," అంది ఆమె. "నిన్ను ఒళ్లో పడుకోబెట్టుకుని జోలపాట కూడా పాడతా. రేటు మాత్రం రుక్మిణిదే. అడ్వాన్సు ఫోన్‌పే చేసి పెట్టెయ్."

చిన్నాయన ఆలోచించుకుని, ఈ ఏడాదికి రుక్మిణే ఉండనీలే అన్నాడు.