ఆఫీసులో మంచం వేసుకున్న కోచ్

అమెరికన్ ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న ఇక్కడి మన పిల్లల్ని అడిగితే బెలిచిక్, ఆండీ రీడ్ లాంటి కోచ్‌ల గురించి గంటసేపు చెబుతారు, డిక్ వర్మీల్ అనే పాత కోచ్ అంటే మాత్రం ఎవరాయన అంటారు. నా ఓటు వర్మీల్‌కే. ఆయన సూపర్ బౌల్ (ప్రొఫెషనల్ లీగ్ ఫైనల్) గెలిచినందుకు కాదు, మధ్యలో ఉద్యోగం మానేసినందుకు.

1976 జనవరి 1న యూసీఎల్‌ఏ కాలేజీ జట్టుతో రోజ్ బౌల్ అనే పేరున్న కాలేజీ మ్యాచ్‌లో నంబర్ వన్ ఒహాయో స్టేట్‌ని ఓడించారు, ఆ ఏడాదే ప్రొఫెషనల్ జట్టు ఫిలడెల్ఫియా ఈగిల్స్ పిలిచి కోచ్ పదవి ఇచ్చింది. దాదాపు పదేళ్ళుగా మంచి సీజనంటూ ఎరగని టీమ్ అది. ఐదో సీజన్‌కల్లా సూపర్ బౌల్ ఆడించారు, రైడర్స్ చేతిలో 27-10తో ఓడిపోయారనుకోండి. ఈ లోపల మనిషి ఇంటికి వెళ్ళడమే తగ్గించేశారు, రాత్రంతా ఆటల ఫిల్ములు చూడడం, స్టేడియం ఆఫీసులోనే మంచం వేసుకుని పడుకోవడం, లేచి మళ్ళీ అదే పని. 1982 సీజన్ అవగానే రాజీనామా చేసి, కారణం బర్నౌట్ అని, అంటే పనితో పూర్తిగా అలిసిపోయానని, అందరి ముందూ చెప్పేశారు. అప్పటికి వయసు 46. ఆ రోజుల్లో ఒక ఫుట్‌బాల్ కోచ్ నోటి నుంచి ఆ మాట రావడం చిన్న విషయం కాదు.

తర్వాత 14 ఏళ్ళు టీవీలో కామెంటరీ చెప్పుకున్నారు. 1997లో సెయింట్ లూయిస్ రామ్స్‌కి కోచ్‌గా తిరిగొచ్చి మళ్ళీ పాత పద్ధతే, గంటలకొద్దీ ప్రాక్టీసు, ఆటగాళ్ళ సణుగుడు, రెండు సీజన్లలో 5 గెలుపులు 11 ఓటములు, 4 గెలుపులు 12 ఓటములు. మూడో ఏడు ప్రాక్టీసు తగ్గించారు. సీజన్ మొదలవకముందే క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపే ఆటగాడు) ట్రెంట్ గ్రీన్ మోకాలు పోయింది, ఒకప్పుడు అయోవాలో కిరాణా స్టోర్ అరల్లో సరుకులు సర్దిన కర్ట్ వార్నర్‌ని దింపాల్సి వచ్చింది. వార్నర్ ఆ సీజన్‌లో స్కోరు తెచ్చే టచ్‌డౌన్ పాసులు 41 వేశాడు, 2000 జనవరిలో సూపర్ బౌల్‌లో టైటన్స్‌ని 23-16తో ఓడించి 63 ఏళ్ళ వర్మీల్ కప్పు ఎత్తారు.

ఈ కథని చాలామంది "కష్టపడితే ఫలితం దక్కుతుంది" అని చెబుతారు. నాకైతే అందులో కష్టం తగ్గించినాకే పని జరిగినట్టు కనిపిస్తోంది!

అయితే ఒకటి. ఆయన వీసా ఈగిల్స్ చేతిలో లేదు. హెచ్1బీ వర్క్ వీసా మీద ఉన్న మనవాడు ఉద్యోగం పోగొట్టుకుంటే 60 రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి, వాడికి బర్నౌట్ గురించి ఉపన్యాసాలిస్తే నవ్వుతాడు. నా గొడవ వాళ్ళతో కాదు, సిటిజన్‌షిప్ చేతికొచ్చి, ఇంటి అప్పు కూడా తీరిపోయి, ఇప్పటికీ అర్ధరాత్రి ఆఫ్‌షోర్ కాల్స్‌ని స్టేజి మీద ఘనతగా చెప్పుకునే మాలాంటివాళ్ళతో.

ఈసారి మన సంఘం కెరీర్ సెషన్‌కి ఉద్యోగం మానేసి కొన్నాళ్ళు ఇంట్లో ఉండి మళ్ళీ చేరినవాళ్ళని ఒక్కరినైనా పిలవండి. ఆడవాళ్ళలో అయితే ఎక్కువ వెతకక్కర్లేదు, భర్త వీసా మీద వచ్చే హెచ్4తో ఇంట్లో కూర్చోబెట్టినందుకో పిల్లల కోసమో ఏళ్ళ తరబడి ఆగి, మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. వాళ్ళది మాత్రం ఎవరూ కమ్‌బ్యాక్ అనరు, ఇంటర్వ్యూలో ఈ గ్యాప్ ఏంటని అడుగుతారు.