రోడ్డు అంచున అయిదడుగులు

ఈ పత్రిక ఈ ఉదయం మీ గడపలో పడిందంటే ఎవరో ఒక కుర్రాడు సైకిల్ మీద వచ్చి విసిరిపోయాడన్న మాట. తెల్లవారుజామున నాలుగు దాటగానే వ్యాను నుంచి కట్టలు దిగుతాయి. మూసిన దుకాణాల అరుగుల మీద కూర్చుని మెయిన్ పేజీల్లో జిల్లా పేజీలు దూర్చి, హ్యాండిల్‌కు సంచి తగిలించుకుని, ఒక్కొక్కరు ఒక్కో లైను పట్టుకుని పోతారు. ఆ వేళకు లారీలు ఆగకుండా ఉరుకుతుంటాయి. కుర్రాళ్ల సైకిళ్లలో చాలా వాటికి వెనక లైటు ఉండదు. ఆ సంచిలోనే, జిల్లా పేజీ అడుగున నాలుగు లైన్ల వార్త ఒకటి ఉంటుంది: గుర్తు తెలియని వాహనం ఢీకొని సైకిలిస్టు మృతి. ఈ శీర్షికను మేము ఎన్నిసార్లు వేశామంటే, ఇప్పుడు ఊరి పేరు, వయసు మారిస్తే చాలు, మిగిలినదంతా సిద్ధంగానే ఉంటుంది. సైకిళ్ల గురించి సంపాదకీయం రాయడానికి మాకు ఇన్నేళ్లు పట్టింది. ఇప్పుడైనా రాయడానికి కారణం కూడా బయటివాళ్లే.

ఆ బయటివాళ్లు నల్లగొండ పట్టణంలోని సైకిల్ క్లబ్బు వాళ్లు. మొదట్లో వాళ్లను మేమూ తేలిగ్గానే చూశాం. ఆదివారం పొద్దున గడియారం సెంటర్ దగ్గర రంగురంగుల టోపీలు పెట్టుకుని పోగవడం, పానగల్ దాకా తొక్కి ఛాయా సోమేశ్వరుడి గుడి ముందు ఫొటో దిగడం, వచ్చేటప్పుడు ఉదయ సముద్రం కట్ట మీద గాలి పీల్చుకుని, టిఫిన్ చేసి ఇళ్లకు పోవడం. డాక్టర్లు, లెక్చరర్లు, బట్టల షాపు యజమానులు, ఒకరిద్దరు బ్యాంకు ఉద్యోగులు. పొట్ట తగ్గించుకునే వ్యవహారమని అనుకున్నాం. నిజానికి మొదలైంది కూడా అలాగే.

అయితే రోజూ ఒకే దారిలో తొక్కేవాడికి తోటి సైకిళ్లు కళ్లబడకుండా ఉండవు. పాల క్యాన్లు వేలాడే సైకిల్, రైస్ మిల్లులో రాత్రి డ్యూటీ దిగి వచ్చే వాచ్‌మన్ సైకిల్, మోకు చుట్టి హ్యాండిల్‌కు వేసుకుని, క్యారియర్‌కు ఇరువైపులా కల్లు డబ్బాలు కట్టుకున్న గీత కార్మికుడి సైకిల్. ముప్పై వేల సైకిల్‌కు వెనక ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటుంటే, బతుకుతెరువు సైకిల్‌కు మడ్‌గార్డే ఉండదు, ఇక లైటెక్కడిది? క్లబ్బు మారింది ఇక్కడే. ఒక్కో చుట్ట రిఫ్లెక్టర్ టేపు కొని, పొద్దుగూకే వేళ కల్లు మండువాల దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి సైకిల్ వెనక మడ్‌గార్డుకు, పెడళ్లకు అంటించడం మొదలుపెట్టారు. కొత్త సైకిళ్లకు రిఫ్లెక్టర్లు తప్పనిసరి అని కేంద్రం 2020లోనే ఉత్తర్వు ఇచ్చింది. తాత చేతి నుంచి మనవడి చేతికి వచ్చిన సైకిల్‌కు ఆ ఉత్తర్వు వర్తించదు కదా.

ఆ తర్వాత మూలపడ్డ సైకిళ్లు పోగుచేసి, ట్యూబులు మార్చి, చైన్లకు నూనె పోసి, ఊళ్ల నుంచి హైస్కూలుకు నడిచొచ్చే పిల్లలకు ఇస్తున్నారు. సెలవు రోజుల్లో బడి మైదానంలో ఆడపిల్లలకు తొక్కడం నేర్పుతున్నారు. ఇవి మంచి పనులే. కానీ ఇలాంటి మంచి పనులు చేసే సంఘాలు జిల్లాలో ఇంకా ఉన్నాయి. మేము ఈ మాటలు రాయడానికి కారణం వేరే ఉంది. అది వాళ్ల దగ్గరున్న ఒక నోటుబుక్కు.

పట్టణం నుంచి బయటికి పోయే దారులన్నీ వాళ్లు మీటరు టేపు పట్టుకుని కొలిచారు. నార్కట్‌పల్లి నుంచి అద్దంకి పోయే నాలుగు వరసల రోడ్డు, నకిరేకల్ నుంచి సాగర్ వైపు పోయే 565 నంబరు జాతీయ రహదారి, వాటిలో వచ్చి కలిసే ఊళ్ల దారులు. ఎక్కడ అంచు తెగింది, ఎక్కడ ఇసుక పేరుకుంది, ఎక్కడ డివైడర్‌కు సందు లేదు, అన్నీ రాసుకున్నారు. ఆ బుక్కు మేము చూశాం. అందులో ఎక్కువసార్లు కనిపించే పదం ‘బెత్తెడు’.

ఏమిటీ బెత్తెడు? రోడ్డు మీద కొత్త తారు పొర వేసినప్పుడల్లా రోడ్డు పైకి లేస్తుంది. పక్కనున్న మట్టి అంచు మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. ఆ మట్టిని కూడా రోడ్డుతో సమం చేయాలన్నది పనిలో భాగమే. తారు పోయడం, ఫొటోలు దిగడం అయ్యాక ఆ చివరి పని ఎవరికీ పట్టదు. రెండు వానలు పడితే ఉన్న మట్టీ కొట్టుకుపోయి, తారు అంచు బెత్తెడు ఎత్తున గట్టులా నిలబడుతుంది. వెనక నుంచి లారీ హారన్ కొడుతుంది. సైకిల్ మనిషి కిందికి దిగుతాడు. దిగడం తేలికే. మళ్లీ ఎక్కబోయినప్పుడు ముందు చక్రం ఆ గట్టును ఒరుసుకుంటూ పోతుంది, హ్యాండిల్ ఎంత తిప్పినా పైకి ఎక్కదు. ఒక్క క్షణంలో బండి అడ్డం తిరిగి మనిషి రోడ్డు మీదికే పడతాడు, వెనక వచ్చే టైర్ల కిందికి. కేసు పుస్తకంలో మాత్రం అదుపుతప్పి పడిపోయాడని రాస్తారు.

రెండు వరసల జాతీయ రహదారులకు ఏడు మీటర్ల రోడ్డు, ఇరువైపులా మీటరున్నర చొప్పున గట్టి అంచు ఉండాలన్న కొలత కొన్నేళ్లుగా వాడుకలో ఉన్నదే. మీటరున్నర అంటే అయిదడుగులు. సైకిల్ హ్యాండిల్ వెడల్పు రెండడుగులు. ఆ అయిదడుగులు శుభ్రంగా, సమంగా, ఖాళీగా ఉంటే ఈ జిల్లాలో సైకిల్ సమస్య చాలావరకు తీరుతుంది. వేసిన చోట కూడా అది ఖాళీగా ఉండదు. తోపుడు బండ్లు, ఆగిన ట్రాక్టర్లు, ఫ్లెక్సీ కర్రలు, ఇంటి కోసం దింపిన కంకర, అన్నింటికీ మించి వడ్లు.

వడ్ల గురించి రాయడం మాకు ఇబ్బందే. సాగర్ ఎడమ కాల్వ కింద, ఏఎమ్మార్ (ఎలిమినేటి మాధవరెడ్డి) ప్రాజెక్టు కాల్వల కింద వరి పెరిగింది. కల్లాలు పెరగలేదు. తేమ ఎక్కువుందని కొనుగోలు కేంద్రంలో కాంటా పెట్టకపోతే రైతు ఎక్కడ ఆరబోయాలి? రోడ్డు మీదే. పగలు పర్వాలేదు. రాత్రి ఆ కుప్ప మీద నల్ల పట్టా కప్పి, చుట్టూ బండరాళ్లు పెడతారు. నల్ల రోడ్డు, నల్ల పట్టా, లైటు లేని సైకిల్. రైతు మీద కేసు పెడతామని బెదిరించడం పరిష్కారం కాదు, ఆ మాట ఏటా వింటూనే ఉన్నాం. పట్టా అంచున రెండు మూరల రిఫ్లెక్టర్ టేపు కుట్టి ఇస్తే? క్లబ్బు అడిగిన వాటిలో ఇదే అతి చవకైనది. కొనుగోలు కేంద్రాల్లో పట్టాలు ఇచ్చేది ప్రభుత్వమే కాబట్టి చేయడమూ సులువే.

‘సైకిలోళ్లు రాంగ్ రూట్లో వస్తారు’ అన్నది మరో ఫిర్యాదు. వస్తారు, నిజమే. నాలుగు వరసల రోడ్డు అవతల పొలం, ఇవతల ఊరు. డివైడర్‌కు సందు కిలోమీటరు దూరాన ఉంటే, పచ్చగడ్డి మోపు పెట్టుకున్న మనిషి పోను కిలోమీటరు, రాను కిలోమీటరు తొక్కుతాడా? సర్వీసు రోడ్డు ఊరి దగ్గర మొదలై ఊరి దగ్గరే ఆగిపోతే ఆ తర్వాత ఎక్కడికి పోవాలి? రాంగ్ రూటు అతని అలవాటు కాదు, గీసిన వాళ్ల పొరపాటు. మహబూబ్‌నగర్ వైపు జడ్చర్ల దాటి 44 నంబరు రహదారి పొడుగునా ఇదే తంతు.

ఒకప్పుడు దీపం లేని సైకిల్‌ను పోలీసులు ఆపేవారు. డబుల్ సవారీకి జరిమానా వేసేవారు, లేదంటే రెండు టైర్లలో గాలి తీసి పంపేవారు. పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజులు తిరిగి రావాలని కాదు. అప్పట్లో జరిమానా వేయడానికైనా సర్కారు కంటికి సైకిల్ ఆనేది.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 2018 ఏప్రిల్ నాటి కేంద్ర నోటిఫికేషన్ మున్సిపల్ పరిధిలో కారు గంటకు 70 కిలోమీటర్లు, మోటారు సైకిల్ 60 కిలోమీటర్ల వేగంతో పోవచ్చంది. 70 అంటే సెకనుకు పంతొమ్మిది మీటర్లు. సైకిల్ మహా అయితే నాలుగు మీటర్లు పోతుంది. మనుషులూ వాహనాలూ కలిసి తిరిగే వీధుల్లో 30 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వేగాన్ని ఇంకా తగ్గించే అధికారం మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ రాష్ట్రానికి ఇచ్చింది. బడి ముందు, మార్కెట్ ముందు ఆ అధికారం వాడటానికి డబ్బు కూడా అక్కర్లేదు, రెండు బోర్డులు చాలు. 2019 సవరణతో వచ్చిన 198ఎ సెక్షన్ ప్రకారం, ప్రమాణాలు పాటించకుండా రోడ్డు వేసి ప్రాణం పోవడానికి కారణమైతే కాంట్రాక్టరుకైనా, సలహాదారుకైనా, బాధ్యత గల సంస్థకైనా లక్ష రూపాయల దాకా జరిమానా పడుతుంది. పాదచారులు, మోటారు లేని బండ్ల గురించి అదే చట్టం 138(1ఎ) సెక్షన్ కింద ఆరు నెలల్లో నియమాలు రాయాలని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఆ నియమాలను హైదరాబాద్ రోడ్లను మాత్రమే చూసి రాస్తే మాకు ఒరిగేదేమీ లేదు.

హైదరాబాద్ అంటే గుర్తొచ్చింది. ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరులో మొదలైంది. పైన సోలార్ పలకల కప్పు, కింద నున్నటి దారి. అక్కడ తొక్కేవాళ్లంటే మాకు కుళ్లు లేదు. ఆ కప్పు మీది కరెంటు మాకు వద్దు, కింది నేలలాంటిది కొంచెం కావాలి.

క్లబ్బుతో మాకో పేచీ కూడా ఉంది. జనం దగ్గర అధికారులు అర్జీలు తీసుకునే ప్రజావాణిలో వాళ్లిచ్చిన వినతిపత్రంలో మొదటి కోరిక ఉదయ సముద్రం చుట్టూ సైకిల్ ట్రాక్. రోడ్ల అంచుల సంగతి నాలుగో స్థానంలో ఉంది. చెరువు చుట్టూ ట్రాక్ వేస్తే ఆదివారం సవారీకి బాగుంటుంది, నాయకులకూ ప్రారంభోత్సవం దొరుకుతుంది. అందుకే అది ముందుగా మంజూరవుతుందేమోనని మా భయం. కల్లు డబ్బాల సైకిల్ ఆ ట్రాక్ ఎక్కదు, దానికి అక్కడ పని లేదు. నాలుగో కోరికను మొదటికి తెండి. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ఉంది. ఆ సమావేశానికి వెళ్లేటప్పుడు డాక్టరుగారితో పాటు ఒక పాలాయన్నో, గీత కార్మికుణ్నో వెంటబెట్టుకుని పోండి. నోటుబుక్కు మాత్రం మర్చిపోవద్దు.

ఆడపిల్లలకు నేర్పే పని మాత్రం ఆపవద్దు. బిహార్ 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లు ఇస్తే, హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య దాదాపు మూడో వంతు పెరిగిందని అధ్యయనం చేసినవాళ్లు లెక్కగట్టారు. తమిళనాడు పుదుక్కోట్టైలో 1990ల తొలి ఏళ్లలో అక్షరాస్యత ఉద్యమంతో పాటే వేలమంది పల్లె ఆడవాళ్లు సైకిల్ నేర్చారు. మన దగ్గర 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం, సంతోషం. బస్సు ఆగేది స్టేజీ దగ్గర. స్టేజీ నుంచి ఊళ్లోకి రెండు కిలోమీటర్లు ఎవరు తీసుకుపోతారు? సందెవేళ ఆ రెండు కిలోమీటర్లకు భయపడే చదువులు ఆగుతున్నాయి.

క్లబ్బు చేసిన మరో పని ఎక్కువమందికి తెలియదు. గుర్తు తెలియని వాహనం ఢీకొని మనిషి పోతే కుటుంబానికి రెండు లక్షలు, తీవ్రంగా గాయపడితే యాభై వేలు ఇచ్చే పథకం 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. దరఖాస్తును ఆర్డీవో స్థాయిలో విచారిస్తారు. లారీ నంబరు దొరకలేదంటే ఇక చేసేదేముందని దినాలు చేసి ఊరుకునే ఇళ్లే ఎక్కువ. క్లబ్బులోని ఒక రిటైర్డ్ గుమాస్తా అలాంటి ఇళ్లకు పోయి ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం కాగితాలు జత చేయించి దరఖాస్తు రాసిపెడుతున్నారు. ఆ నాలుగు లైన్ల వార్త కింద ఈ పథకం సంగతి అయిదో లైనుగా మేము ఎప్పుడో వేయాల్సింది. రేపటి నుంచి వేస్తాం.

ఇంకొకటి. మా పేపర్ వేసే కుర్రాళ్ల సైకిళ్లన్నింటికీ ఈ నెలాఖరులోగా వెనక లైట్లు బిగిస్తున్నాం, ఖర్చు మాదే. టేపు క్లబ్బు ఇస్తానంది. తెల్లారగట్ల కట్టలు దింపే చోటికే వాళ్లు వస్తారట, కత్తెర మాత్రం మమ్మల్ని తెచ్చుకోమన్నారు.