అవార్డు దరఖాస్తును ముందు ఉద్యోగులకు చూపించండి

‘పనిచేయడానికి మంచి చోటు’, ‘ఉత్తమ యాజమాన్యం’ లాంటి అవార్డులకు కంపెనీలు పంపే దరఖాస్తుల విషయంలో నేను చెప్పేది ఒక్కటే. పంపే ముందు మొత్తం ఫైలు, ఒక్క లైను కూడా దాచకుండా, ఉద్యోగులందరికీ చూపించండి. చూపించే ధైర్యం లేకపోతే పంపకండి.

ఇప్పుడు జరుగుతున్నది దీనికి పూర్తిగా రివర్స్. గడువు దగ్గరపడ్డాక హెచ్‌ఆర్‌లో ఇద్దరికి ఈ పని అంటగడతారు, వాళ్లు పాత పాలసీ కాగితాలు, ఫ్యామిలీ డే ఫొటోలు, నవ్వుతున్న నాలుగు ముఖాల టెస్టిమోనియల్స్ పోగేస్తారు, మార్కెటింగ్ వాళ్లు దానికి మెరుగులు దిద్దుతారు, కొన్నిచోట్ల బయటి కన్సల్టెంట్ వచ్చి మొత్తం తిరగరాస్తాడు. ఎవరి గురించి రాస్తున్నారో వాళ్లకు మాత్రం గెలిచాక లింక్డిన్‌లో పోస్టు పడేదాకా సంగతే తెలియదు. ఆ పోస్టును లైక్ చేయమని మళ్లీ వాళ్లకే మెయిల్!

ఈ అవార్డులకు ఎంపిక చేసే పద్ధతులు ఇవీ. గ్రేట్ ప్లేస్ టు వర్క్ అనే సంస్థ ఉద్యోగులకు 60 వాక్యాల సర్వే పంపుతుంది, కంపెనీ తన గురించి తాను రాసుకున్నదీ చూస్తుంది. టాప్ ఎంప్లాయర్స్ ఇన్‌స్టిట్యూట్ ప్రధానంగా హెచ్‌ఆర్ విధానాల మీద ప్రశ్నలు వేసి, జవాబులకు ఆధారాలు తనిఖీ చేస్తుంది. గ్లాస్‌డోర్ వెబ్‌సైటు జాబితాకైతే దరఖాస్తే లేదు, ఉద్యోగులు పేరు చెప్పకుండా పెట్టిన రివ్యూలే లెక్క. సర్వే ఉంది కదా, అబద్ధం దాగదు అంటారు కొందరు. ఇంక్రిమెంట్ లెటర్లు ఇచ్చిన వారంలోనే సర్వే పెట్టుకునే తెలివి కంపెనీలకు లేదా? పార్టిసిపేషన్ శాతం కోసం మేనేజర్ రోజూ గ్రూపులో గుర్తుచేస్తూ, చివర్లో ఒక స్మైలీ పెట్టి ‘మంచి మార్కులే వేస్తారు కదా’ అంటే, పేర్లు బయటపడవన్న హామీని ఎవరు నమ్ముతారు? ఫార్చ్యూన్ పత్రిక 2000లో ఇచ్చిన ‘పనిచేయడానికి ఉత్తమ కంపెనీల’ జాబితాలో, తర్వాత లెక్కల మోసానికి పేరుమోసిన అమెరికా ఇంధన కంపెనీ ఎన్రాన్ కూడా ఉంది. 2001 డిసెంబరులో అది దివాలా తీసింది, వేలమందికి ఉద్యోగంతోపాటు సొంత కంపెనీ షేర్లలో ఉన్న రిటైర్మెంట్ పొదుపు కూడా పోయింది. వాళ్లు సర్వేలో అబద్ధం చెప్పారనుకోను, తమకు చూపించిన కంపెనీ గురించి నిజమే చెప్పి ఉంటారు.

నాకు అన్నిటికన్నా మండేది ఇంకోటి ఉంది. దరఖాస్తు నిండా కంపెనీలో ఏమేం ఉన్నాయో రాస్తారు, వాటిని ఎవరు వాడుకున్నారో రాయరు. పితృత్వ సెలవు ఉంది, సరే, బిడ్డ పుట్టిన మగ ఉద్యోగుల్లో ఎంతమంది తీసుకున్నారు, తీసుకున్నవాళ్లకు ఆ ఏడాది రేటింగ్ ఎంత వచ్చింది? కౌన్సెలింగ్ హెల్ప్‌లైన్ ఉంది, ఏడాదిలో ఎన్ని కాల్స్ వెళ్లాయి? పనివేళలు మీ ఇష్టం అంటారు, మరి రోజూ ఉదయం తొమ్మిదింటి మీటింగ్‌కు రానివాళ్ల పేర్లు ఎందుకు రాసుకుంటారు? వేధింపుల మీద ఒక్క ఫిర్యాదూ రాలేదని గొప్పగా రాస్తారు. వేలమంది ఉన్న సంస్థలో ఫిర్యాదులు సున్నా అంటే నాకైతే భయమేస్తుంది. ఫైలును ముందుగా ఒక్కో టీమ్ నుంచి ఒకరి చేతిలో పెట్టి చూడండి, ఇవన్నీ మొదటి రోజే తేలిపోతాయి.

అలా సరిదిద్దిన దరఖాస్తే జ్యూరీ ముందూ నిలబడుతుంది. ‘మా ఉద్యోగులే మా ఆస్తి’ అన్న వాక్యాన్ని ఫైలు తర్వాత ఫైలులో చదివి విసిగిపోయిన మనిషి ఎక్కడ ఆగుతాడు? కొత్తగా చేరినవాళ్లు ఆర్నెల్లలోపే మానేస్తున్నారని గమనించాం, మానేసేవాళ్లతో చేసే ఎగ్జిట్ ఇంటర్వ్యూల్లో షిఫ్టుల గొడవ బయటపడింది, ఎవరికి ఏ షిఫ్టో చెప్పే రోస్టర్ రెండు వారాల ముందే ఇవ్వడం మొదలుపెట్టాం, అట్రిషన్ (మానేసేవాళ్ల శాతం) అప్పుడు ఇంత, ఇప్పుడు ఇంత, రాత్రి షిఫ్టులో మాత్రం ఇంకా తగ్గలేదు అని రాసినచోట ఆగుతాడు.

ఉద్యోగులందరికీ అన్నాను కదా, అందులో కాంట్రాక్టు వాళ్లూ ఉండాలి. ఫార్చ్యూన్ జాబితాలో గూగుల్ 2012 నుంచి 2017 దాకా వరుసగా మొదటి స్థానంలో నిలిచింది. అదే గూగుల్‌లో 2019 మార్చి నాటికి పర్మనెంట్ ఉద్యోగులు సుమారు 1,02,000 మంది, తాత్కాలిక, కాంట్రాక్టు సిబ్బంది సుమారు 1,21,000 మంది అని న్యూయార్క్ టైమ్స్ రాసింది. మంచి చోటు సరే, ఎవరికి?

పేరు లేని చిన్న కంపెనీకి ఆ బ్యాడ్జి ఉంటే మంచి అభ్యర్థులు వస్తారు, పోటీ పుణ్యమా అని చెల్లాచెదురుగా ఉన్న డేటా ఒకచోటికి చేరుతుంది, అన్నీ అందరికీ చూపిస్తే బయటికి పొక్కుతాయి అనే వాదన ఉంది. మొదటి రెండూ ఒప్పుకుంటాను. మూడోది కుదరదు, ముక్కూమొహం తెలియని జ్యూరీకి పంపగలిగింది సొంత మనుషుల దగ్గర రహస్యం ఎలా అవుతుంది?

నిజానికి నా కోపం అవార్డుల మీద కూడా కాదు, పని చేయడం కన్నా చేసిన పని గురించి రాయడానికే ఎక్కువ ఫలితం దక్కే పద్ధతి మీద. అవార్డు కమిటీ ముందు కంపెనీ ఏం చేస్తోందో, ఏడాది చివర తన పని గురించి తానే రాసుకునే సెల్ఫ్ అప్రైజల్ ఫారంలో ఉద్యోగి అదే చేస్తున్నాడు. కూలిపోయిన సర్వర్‌ను రాత్రంతా కూర్చుని లేపినవాడికి రాయడానికి బోలెడంత ఉంటుంది. అసలు కూలకుండా చూసుకున్న ఆవిడకు రాయడానికి ఏమీ ఉండదు, ఎందుకంటే ఏమీ జరగలేదు. జూనియర్లకు పని నేర్పినవాళ్లు, తప్పును ముందే పట్టి ఆపినవాళ్లు, క్లయింటు తిట్లు తాము తిని టీమ్ దాకా రానివ్వనివాళ్లు, వీళ్ల పని ఏ గడిలోనూ పట్టదు. ఎవరి డప్పు వాళ్లు కొట్టుకోవాల్సిందే అని కంపెనీయే నేర్పిస్తోంది, తర్వాత మా దగ్గర టీమ్ స్పిరిట్ గొప్పదని దరఖాస్తులో రాస్తోంది.

అవార్డులిచ్చే సంస్థలు తల్చుకుంటే దీన్ని కొంత మార్చగలవు. ఫారంలో ఒక్క ప్రశ్న కలిపితే చాలు: ఈ దరఖాస్తును ఎంతమంది ఉద్యోగులు చదివారు, ఏమేం అభ్యంతరం చెప్పారు, మీరు ఏం మార్చారు? కన్సల్టెంట్లకు కాస్త గిరాకీ తగ్గుతుందేమో, తగ్గనివ్వండి.