పందొమ్మిదిన్నర అంగుళాలు

ఆదివారం చేపల పులుసుకి ఎనిమిదిమందిని పిలిచేశాక, శనివారం చేపలు పట్టడానికి బయల్దేరాం.

తప్పు నాదే. గోదావరి లంకలో పుట్టి, చేతిలో గాలంతో పెరిగిన మావయ్యగారు హ్యూస్టన్ వచ్చి మూడు వారాలుగా టీవీ ముందు కూర్చుంటే జాలేసి, "గాల్వెస్టన్ వెళ్దామండీ, కారులో గంట" అన్నాను. ఆ మాట అత్తయ్యగారి చెవిన పడింది. శుక్రవారం రాత్రికల్లా ఫోన్లు అయిపోయాయి, మసాలా నూరడమూ అయిపోయింది.

దారిలో ఎరలమ్మే కొట్లో ఆయనకి ఒక్కరోజు లైసెన్సు తీసుకున్నాను. "అరవయ్యేళ్ళలో గోదారి నన్నెప్పుడూ కాగితం అడగలేదండీ అల్లుడుగారూ" అన్నారు. మన దగ్గరా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం ఉంది కదా అన్నాను. "అది మరబోట్లకండీ. గట్టు మీద కూర్చున్నవాణ్ణి ఎవడాపాడు?" అక్కడ ఎర కింద అమ్మే రొయ్యల్ని చూసి మరీ నొచ్చుకున్నారు. "వేపుకోకుండా నీళ్ళలో పారేస్తారా!"

పెలికన్ ద్వీపం చివర సీవుల్ఫ్ పార్కు. అక్కడ రెండో ప్రపంచ యుద్ధం నాటి 'కవాల్లా' సబ్‌మెరైన్‌ని ఒడ్డున పెట్టారు. "మన వైజాగ్ కురుసురాకి చుట్టంలా ఉంది" అనేసి, దాని వంక మళ్ళీ చూడకుండా గాలం విసిరారు.

నవంబరు మొదటి వారం. ముందురోజే ఉత్తరపు గాలి తిరిగింది. నీళ్ళు చల్లబడితే ఫ్లౌండర్ చేపలు గుడ్లు పెట్టడానికి గాల్వెస్టన్ బే (అఖాతం)లోంచి సముద్రంలోకి దిగుతాయి. బల్లపరుపు ఒళ్ళు, రెండు కళ్ళూ ఒకే పక్క. ఇరవై నిమిషాల్లో ఆయనకి ఒకటి తగిలింది, కంచమంత ఉంది.

"వదిలెయ్యాలండీ. నవంబరు 1 నుంచి డిసెంబరు 14 దాకా దీన్ని ఉంచుకోకూడదు. గుడ్లు పెట్టడానికి వెళ్తోంది పాపం."

"పులస మాత్రం గోదాట్లోకి ఎందుకొస్తుందండీ, పుష్కరస్నానానికా? పుస్తెలమ్మైనా తినమన్నది ఆ గుడ్ల చేపనే కదండీ!"

దీనికి నా దగ్గర జవాబు లేదు. చేప వెళ్ళిపోయింది.

తర్వాత నా గాలానికి రెడ్ ఫిష్ పడింది. రాగిరంగు ఒళ్ళు, తోక దగ్గర దిష్టిచుక్కలా నల్లటి మచ్చ. మా ఆవిడ జాకెట్ల టేపుతో కొలిచాను. పందొమ్మిదిన్నర. ఇరవై అంగుళాలు ఉంటేనే ఉంచుకోవాలి. నోరు మూసి, తోక దగ్గరకి నొక్కి మళ్ళీ కొలిచాను. మావయ్యగారు రెండో కొస పట్టుకుని "కాస్త సాగదీద్దురూ" అన్నారు. అది పందొమ్మిదిన్నర దగ్గరే భీష్మించుకుంది.

మధ్యాహ్నం ఆయన గడ విల్లులా వంగింది. పావుగంట పెనుగులాట. చుట్టుపక్కల వాళ్ళు గడలు వదిలేసి వచ్చి చూశారు. బయటికొచ్చాక అది డోలు మీద చిన్నగా కొట్టినట్టు గుర్రుమంది. ఇరవైతొమ్మిదిన్నర అంగుళాలు! ఆయన మొహం చూస్తే కూతురి పెళ్ళిలో కూడా అంత వెలగలేదు. ఆ పెళ్ళిలో నేనున్నాను కాబట్టి చెప్తున్నాను.

"ఇదీ కుదరదండీ. ఇరవై ఎనిమిది దాటకూడదు."

"చిన్నది వదలమంటే పెరుగుతుంది లెమ్మనుకున్నాను. పెద్దదాన్నీ వదలమంటే ఎలాగండీ? ఇంక తినేదేది, నడివయసుదా?"

నడివయసుదే. పెద్దవి గుడ్లు పెట్టే చేపలని, ఒకప్పుడు ఇవి బాగా తగ్గిపోతే 1981లో టెక్సాస్ వీటి వ్యాపారపు వేటనే ఆపేసిందని చెప్పాను. ఆయన వింటున్నట్టు లేరు. అప్పుడు గుర్తొచ్చింది, నా ఏడాది లైసెన్సుతో ఒక ట్యాగు వస్తుంది. నా గాలానికి పెద్దది పడితే ఆ ట్యాగు చేపకి కట్టి తెచ్చుకోవచ్చు. నోరు జారి ఆ మాట పైకి అనేశాను.

"అయితే మీరే పట్టారనుకోండి. కట్టండి మరి!"

ఆయన పట్టిన చేపకి నా ట్యాగు కట్టడమే తప్పు. అదలా ఉంచితే, ట్యాగున్న కాగితం ఇంట్లో ఫ్రిజ్ మీద ఉంది. ఫోనులో దాని ఫొటో మాత్రం ఉంది. మావయ్యగారు ఫోన్నీ, చేప తోకనీ మార్చి మార్చి చూశారు. ఏమీ అనలేదు. అదే బాధ.

ఆ తర్వాత రెండు గంటలూ జెల్లలే. ఇక్కడ హార్డ్‌హెడ్ అంటారు. పక్కవాళ్ళు తిట్టుకుంటూ నీళ్ళలోకి విసిరేస్తున్నారు. దీనికి కొలతా లేదు, లెక్కా లేదు, నవంబరూ లేదు. మావయ్యగారు లేచి నిలబడ్డారు. "జెల్ల పులుసుని వద్దనేవాళ్ళు కూడా ఉంటారటండీ!" పదకొండు పట్టారు. మూడోదాని గాలం తీయబోయిన నాకు ముల్లు దిగింది. ఆ విషం వేడికి విరుగుతుందట. వేడిగా ఉన్నది ఫ్లాస్కులో కాఫీ ఒక్కటే. మిగతా సాయంత్రం వేలు కాఫీలో ముంచుకుని కూర్చున్నాను. ఆయనకి కాఫీ లేకుండా పోయింది, అది వేరే కోపం.

ఆదివారం పులుసు గిన్నె అడుగంటా నాకేశారు. ఇరవయ్యేళ్ళుగా గాల్వెస్టన్‌లో చేపలు పడుతున్న ఒకాయన మూడోసారి వడ్డించుకుంటూ, "ఎంతైనా రెడ్ ఫిష్ రుచి రెడ్ ఫిష్‌దే" అన్నారు.

మావయ్యగారు నా వైపు చూడకుండా, "అవునండీ, కానీ దానికి కాగితం ఉండాలండీ" అన్నారు.