కొండమీద దండం, కోటలో గీతలు

చంద్రగిరి కోట గోడల మీద పేర్లు చెక్కడాన్ని పిల్లచేష్ట అని వదిలేసే రోజులు పోవాలి. సెలవులొస్తే చాలు, అదే వరస. పచ్చికలో చిప్స్ కవర్లు, కోనేటి గట్టున నీళ్ల సీసాలు, చేతికందినంత ఎత్తున గారను గీకి రాసిన పేర్లు, ప్రేమ గుర్తులు. చెత్తనైతే ఊడ్చి ఎత్తిపోయొచ్చు. గీత అలా పోదు.

ఈ కోట ఎవరిదో ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1565లో తళ్లికోట యుద్ధంలో దెబ్బ తిన్న విజయనగర రాజ్యానికి పెనుకొండ తర్వాత రాజధాని అయింది ఇదే. 1639లో ఈస్టిండియా కంపెనీకి మద్రాసు నేల దక్కింది ఈ చంద్రగిరి రాజుల ఏలుబడిలోనే. తిరుపతి నుంచి పదిహేను కిలోమీటర్లు దాటని దూరంలో ఇంత చరిత్ర ఉంటే, మన పిల్లలు దాన్ని పలకలా వాడుకుంటున్నారు.

అన్నిటికంటే మండేది మన రెండు నాల్కల తీరు చూసి. శ్రీవారి ఆలయంలో మహాద్వారం దాటగానే ఇద్దరు దేవేరులతో నిలబడ్డ కృష్ణదేవరాయల విగ్రహం కనిపిస్తే చేతులెత్తి మొక్కుతాం. 1513 నుంచి 1521 దాకా ఏడుసార్లు స్వామి దర్శనానికి వచ్చిన రాజని గొప్పగా చెప్పుకుంటాం. కొండమీద ప్రతి రాతినీ తాకి కళ్లకద్దుకుంటాం. కొండ దిగి ఆ రాజుల కోటకే వచ్చేసరికి, ఆ చేతికే తాళంచెవో గులకరాయో దొరుకుతుంది. బెంగళూరు వెళ్లి 240 ఎకరాల లాల్‌బాగ్ చూసొచ్చి, ఎంత శుభ్రంగా ఉంచుకున్నారో అని ఊరంతా చెప్పేదీ మనమే. అక్కడ చెత్తబుట్ట కోసం వెతికిన మనిషి ఇక్కడ ఎందుకు వెతకడు?

కాపలా సిబ్బంది చాలరని, తప్పు పురావస్తు శాఖదేనని అనేవాళ్లున్నారు. సిబ్బందిని పెంచాల్సిందే. కానీ ప్రతి గోడకూ ఒక మనిషిని నిలబెట్టడం ఏ శాఖ వల్లా కాదు.

గీత గీసినవాడికి తెలియనిది ఒకటుంది. కోటలోని రాజమహల్ మూడంతస్తులనూ కలప వాడకుండా ఇటుక, రాయి, సున్నంతో కట్టారు. దానికి పైనున్న సున్నపు గారే కవచం. అది పెచ్చు లేచిన చోట వాననీరు లోపలికి దిగుతుంది, చెమ్మ పట్టి ఇటుక గుల్లబారుతుంది. సిమెంటు మెత్తి సరిపెడదామంటే ఇంకా చేటు. సిమెంటు లోపలి చెమ్మను బయటికి పోనివ్వదు, పక్కనున్న పాత గారనూ ఊడగొడుతుంది. మళ్లీ సున్నం నానబెట్టి, డంగు ఆడించి (గానుగలో రుబ్బి), పాత పద్ధతిలోనే పూయాలి. ఆ పని తెలిసిన మేస్త్రీలు ఇప్పుడు ఎక్కడో గానీ దొరకరు. ఒక్క నిమిషంలో గీకిన పేరు వెనక ఇంత నష్టం ఉంది.

చట్టం లేదా అంటే, ఉంది. రక్షిత కట్టడాన్ని పాడు చేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా అని 1958 నాటి చట్టానికి 2010లో చేసిన సవరణ చెబుతోంది. గేటు దగ్గర బోర్డు మీద రాసినంత మాత్రాన ఎవరూ భయపడరు. నాలుగు కేసులు పెడితే, ఆ సంగతి కాలేజీల్లోకి దానంతటదే వెళ్తుంది. చంద్రగిరి పోలీసులు, పురావస్తు శాఖ కలిసి ఈ సెలవుల్లోనే ఆ పని మొదలుపెట్టాలి.

ఇక విహారయాత్రల పేరుతో బస్సుల నిండా పిల్లల్ని తెచ్చే స్కూళ్లకు ఒక మాట. పదిహేనేళ్లలోపు పిల్లలకు టికెట్ కూడా లేదు; వాళ్లు ఉచితంగా చూసి నేర్చుకోవాలనే ఆ వెసులుబాటు ఇచ్చారు. పిల్లల్ని మహల్ మీదికి తోలేసి, చెట్టు నీడన ఫోన్లు చూసుకుంటూ కూర్చునే టీచర్లు ఆ గీతలకు సగం బాధ్యులు. వెంట ఉండి చూపించండి, చెయ్యి వేస్తే ఆపండి. అంత ఓపిక లేకపోతే పిల్లల్ని అసలు తీసుకురావద్దు.