దొరికిన పిల్లల లెక్క సరే, మళ్లీ పనికి పోయినవాళ్ల లెక్కేది?

జనవరి వస్తే ఆపరేషన్ స్మైల్, జులై వస్తే ఆపరేషన్ ముస్కాన్. పనిలో మగ్గుతున్న పిల్లల కోసం పోలీసులు ఇటుక బట్టీలు, మెకానిక్ షెడ్లు, కార్ఖానాలు గాలిస్తారు. ఇంతమందిని కాపాడామని ప్రెస్ మీట్ పెడతారు. నెలాఖరుకు పోలీసుల లెక్క ముగుస్తుంది, పిల్లల బాధ మొదలవుతుంది.

2015లో హైదరాబాద్ పాతబస్తీ గాజుల కార్ఖానాల్లో బిహార్ పిల్లలు వందల్లో దొరికిన సంగతి గుర్తుండే ఉంటుంది. అలా దొరికిన పిల్లల్ని రైలెక్కించి ఇంటికి పంపుతారు. ఆ తర్వాత? కన్నవాళ్లు తీసుకున్న అడ్వాన్సు తీరిందా, ఊళ్లో బడి చేర్చుకుందా, దళారి మళ్లీ గడప తొక్కాడా? ఇవన్నీ చూడమని ఎస్సైకి చెప్పలేం. పాపం, ఆయనకు తెల్లారితే బందోబస్తు డ్యూటీ.

ఆ తిరుగుడు తిరిగేది స్వచ్ఛంద సంస్థలే. ఇందుకు మన పక్కనే రుజువుంది. 1991లో రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ ఈ పని మొదలుపెట్టినప్పుడు దాని వాదన ఒక్కటే: బడిలో లేని ప్రతి పిల్లా బాల కార్మికురాలే. పేదరికం పోయాక చదువు అన్న పాత పాటను అది ఒప్పుకోలేదు. పశువుల వెంట తిరిగిన పదేళ్లవాణ్ని తెచ్చి ఒకటో తరగతిలో కూర్చోబెడితే మర్నాడే పారిపోతాడు. అందుకే బ్రిడ్జి క్యాంపులు పెట్టి, వయసుకు తగ్గ తరగతికి తయారుచేసి బడికి పంపారు. ఆ పనికి నాయకత్వం వహించిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. తర్వాత జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు తొలి అధ్యక్షురాలయ్యారు. అంటే సర్కారే ఆ బడిలో పాఠం నేర్చుకుంది.

నేర్చుకుని ఏం చేసింది? 2020లో విదేశీ విరాళాల చట్టం సవరించి, ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ నిధుల్లోంచి మరో సంస్థకు పైసా ఇవ్వకూడదంది. ఢిల్లీ దాతల మొహం ఎరగని బస్తీ సంస్థకు ఊపిరి అందేది ఆ దారినే. ఆపదలో ఉన్న పిల్లల కోసం స్వచ్ఛంద సంస్థలు నడిపిన 1098 హెల్ప్‌లైన్‌నూ 2023లో తన చేతిలోకి తీసుకుంది. ఫోన్ ఎత్తడం ఎవరైనా చేస్తారు. ఎత్తాక ఏ గల్లీకి పరుగెత్తాలో తెలిసినవాళ్లను పక్కకు తప్పించారు.

ఎన్జీవోలన్నీ నీతిమంతమైనవా అంటారు. కావు. హోమ్ పేరిట దుకాణాలు నడిపేవాళ్లున్నారు. పిల్లలుండే ప్రతి హోమ్ రిజిస్టర్ కావాల్సిందేనని 2015 బాలల న్యాయ చట్టం చెబుతోంది. ఆ చట్టంతో వాళ్ల పని పట్టండి, ఎవరు కాదన్నారు?

అసలు నా కోపం సర్కారు మీద కంటే మన మీదే ఎక్కువ. ఇళ్లలో 14 ఏళ్లలోపు పిల్లలతో పని చేయించడాన్ని 2006 అక్టోబర్ 10 నుంచే నిషేధించారు. అయినా 'మా ఇంటి పిల్లలాగే చూసుకుంటున్నాం' అనే మాట ఈ నగరంలో ఇంకా చెల్లుతోంది. ఇంటి పిల్లయితే పొద్దున్నే స్కూల్ బస్సెక్కాలి కదా, గిన్నెల ముందు ఎందుకు కూర్చుంది? పుట్టినరోజుకు అనాథాశ్రమంలో కేకు కోసి, బిర్యానీ పెట్టి, ఫొటోలు వాట్సాప్‌లో పెట్టే చేతులే ఆ పిల్లకు చీపురు అందిస్తాయి. దయ చూపించడం మనకు ఇష్టం. అదే పిల్ల హక్కు అడగడానికి సంస్థ తరఫున ఎవరైనా వస్తే, వాచ్‌మన్‌కు ఇంటర్‌కమ్‌లో చెబుతాం: 'ఎవరూ లేరని చెప్పి పంపించెయ్.'